గొడుగు కింది పూలు

ఇవాళ పొద్దున పెరట్లో కంచె వెంబడి కలుపు పీకాను. ఇక్కడ సెప్టెంబరులో వసంతం వచ్చిందంటే అన్నింటికన్నా ముందు లేచేది ఉల్లికలుపు. పూలు చూడ్డానికి తెల్లగా, ముద్దుగా ఉంటాయి. వాసన మాత్రం అచ్చం పచ్చి ఉల్లిపాయ. రెండుసార్లు సబ్బుతో కడిగినా చేతులకు పట్టిన వాసన వదల్లేదు. మా అమ్మాయి ముక్కు మూసుకుని అవతలి గదిలోకి పోయింది. నేను ఆ చేతులు ముఖం దగ్గర పెట్టుకుని ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. ఎందుకు నవ్వుతున్నావని గదిలోంచే అడిగింది. పెద్ద కథ, తర్వాత చెప్తానన్నాను.

నాకప్పుడు పదకొండేళ్ళు, తమ్ముడికి ఎనిమిది. మేము న్యూజిలాండ్ వచ్చి ఏడాదిన్నర అయింది. రిక్కార్టన్ అనే పేటలో రెండు గదుల ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. నాన్నకు కంప్యూటర్ ఉద్యోగం. మాకు స్కూలు. అమ్మకు ఏమీ లేదు. వరంగల్ పక్కన ఇరవై ఇళ్ళ ఆడవాళ్ళ మధ్య పెరిగిన మనిషి, ఇక్కడ పొద్దంతా కిటికీ దగ్గర నిలబడి బస్సులు చూసేది. ఇప్పుడైతే తెలుగు సంఘాలు, హాళ్ళు, మైకులు, సెల్ఫీలు అన్నీ ఉన్నాయి. అప్పుడు మాకు తెలిసిన తెలుగు కుటుంబాలు రెండు. అందులో ఒకరికి బతుకమ్మ సంగతే తెలియదు, రెండోవారు ఆక్లాండ్ వెళ్ళిపోయారు.

మొదటి ఏడాది సద్దుల బతుకమ్మ రోజున అమ్మ సూపర్‌మార్కెట్‌లో మూడు పూలగుత్తులు కొని, ఊరి నుంచి సూట్‌కేసులో పెట్టి తెచ్చిన ఇత్తడి తాంబాళంలో జానెడు బతుకమ్మను పేర్చింది. హాల్లో సోఫా జరిపి మధ్యలో పెట్టింది. చప్పట్లు కొడుతూ ఒక్క చుట్టు తిరిగింది. రెండో చుట్టు సగంలో ఆగిపోయి గోడకు ఆనుకుని కూర్చుంది. చీకటి పడ్డాక ఆ బతుకమ్మను తీసుకుపోయి బాత్‌టబ్‌లో వదిలింది. మరుసటి రోజు స్నానానికి వెళితే టబ్బు రంధ్రానికి పూలు అడ్డం పడి ఉన్నాయి. అమ్మ వాటిని ఏరుతూ, వచ్చే ఏడు పదిమంది ఆడవాళ్ళ నడుమ ఆడి, పారే నీళ్ళల్లో వదులుతాను, లేదంటే ఇక ఎప్పుడూ పేర్చను అంది. ఆమె మాట అంటే మాటే. నాన్నకు ఆ ఏడాదంతా అదే దిగులు. పూలంటే ఎక్కడో తేవచ్చు, పదిమంది ఆడవాళ్ళను ఏ దుకాణంలో తెస్తాడు పాపం.

ఆ మరుసటి సెప్టెంబరు చివర స్కూలు సెలవులిచ్చారు. నాన్న ఆఫీసులో ఒక పెద్దాయనకు గంట ప్రయాణం దూరంలో, కొండల కింద చిన్న ఊళ్ళో ఇల్లు ఉంది. ఆయన ఎక్కడికో వెళ్తూ, వారం రోజులు మీరు ఉండండి, మా కోళ్ళకు మేత వేస్తే చాలు అన్నాడు. మేము బియ్యం, పప్పు, పచ్చళ్ళు, ఒక్క రోలు తప్ప వంటిల్లంతా కారులో కుక్కి బయల్దేరాం. అమ్మ ఒళ్ళో తాంబాళం పెట్టుకుని కూర్చుంది. దాన్ని డిక్కీలో పెట్టనివ్వలేదు.

ఆ ఊరు చూసి నాన్న, ఇది న్యూజిలాండ్ కాదే, ఇంగ్లండు అన్నాడు. ఆయన ఇంగ్లండు చూసింది క్యాలెండర్ బొమ్మల్లోనే. రాతి చర్చి, దానికి పొట్టి శిఖరం, ముళ్ళపొద కంచెల మధ్య సన్నటి దారులు, ఓక్ చెట్లు, పచ్చికలో గొర్రెపిల్లలు, ఊరి చివర విల్లో చెట్ల కింద పారే వాగు. ప్రతి ఇంటి ముందూ పూలు. ఒక డెయిరీ ఉండేది. డెయిరీ అంటే పాలకేంద్రం కాదు, ఇక్కడ మూలమీది చిల్లర కొట్టును అలాగే అంటారు. అక్కడ ఒక డాలర్‌కు కాగితం సంచి నిండా రకరకాల మిఠాయిలిచ్చేవాళ్ళు. సాయంత్రమైతే ఊరంతా కట్టెల పొగ, తడి ఉన్ని వాసన. మనిషి అలికిడి మాత్రం లేదు. అమ్మ గేటు దగ్గర నిలబడి కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. ఈ ఊళ్ళో మనుషులున్నారా, లేక పూలు పెంచేసి వెళ్ళిపోయారా అని అడిగింది.

రెండో రోజు డెయిరీ తలుపు మీద ఒక కాగితం కనబడింది. శనివారం ఊరి హాల్లో వసంత పూల ప్రదర్శన అని ఉంది. నేను చదివి చెప్పాను. ఊళ్ళో ఆడవాళ్ళంతా ఆ రోజు పూలు పట్టుకుని ఒకచోటికి వస్తారట అన్నాను. అమ్మ వేళ్ళమీద రోజులు లెక్కపెట్టింది. ఆ శనివారమే సద్దుల బతుకమ్మ.

ఆమె ముఖం వెలిగిపోయింది. ఆడవాళ్ళంతా ఒకే రోజు పూలు పట్టుకుని ఒకచోట చేరితే, మా అమ్మకు తెలిసి ప్రపంచంలో దానికి ఒకటే అర్థం. నాన్న నెమ్మదిగా చెప్పబోయాడు. అది పోటీ అని, సీసాల్లో పూలు బల్లల మీద పెడతారని, జడ్జి వచ్చి మార్కులేస్తాడని, ఆడుడు పాడుడు ఉండదని. అమ్మ వినలేదు. బల్లల మీద పెడితే వాళ్ళిష్టం, తర్వాత ఎలాగూ ఆడతారు కదా అంది.

శుక్రవారమంతా పూల వేట. తంగేడు లేదు, గునుగు లేదు. అమ్మ దారి పొడుగునా నడుస్తూ ప్రతి పూవుకూ ఊరి పేరు పెట్టుకుంటూ పోయింది. ఉల్లికలుపు గునుగు అయింది. చర్చి వెనక రాలిన ఎర్ర కమేలియాలు బంతి అయ్యాయి. పొలాల గట్ల మీద పసుపుపచ్చగా మండుతున్న గోర్స్ పొదలు తంగేడు అయ్యాయి. గోర్స్‌కు పూవు కన్నా ముళ్ళు ఎక్కువ. నాన్న చేతులు గీసుకుపోయాయి. అటుగా ట్రాక్టర్ మీద వచ్చిన రైతు, మేము ఏం కోస్తున్నామో చూసి ఆగాడు. తిడతాడేమోనని నాన్న సంచి వెనక్కి దాచాడు. గోర్స్ ఈ దేశపు రైతుకు పుట్టు శత్రువని మాకు తెలియదు. ఆయన చేతులు జోడించినంత పని చేసి, మొత్తం కొండ ఖాళీ చేసుకోండి, కావాలంటే రంపం ఇస్తానన్నాడు.

ఇంత చేసినా సంచి సగమే నిండింది. అమ్మ పూలను నేలమీద పోసి చూసి, ఇంకా పసుపు రంగు పూలు కావాలి అని గొణుక్కుంది. ఆ మాట మేమిద్దరం విన్నాం.

మేమున్న ఇంటి పక్కన ఒక ముసలావిడ ఉండేది. పొడుగు మనిషి, కాళ్ళకు గమ్‌బూట్లనే పొడుగు రబ్బరు బూట్లు, ఒంటిమీద ఎవరో మగమనిషిది పాత స్వెట్టర్. పొద్దస్తమానం తోటలో వంగి ఉండేది గానీ మావైపు చూసేది కాదు. ఆమె పెరటి గోడ పొడవునా డాఫొడిల్స్ అనే పసుపు పూలు బారులు తీరి ఉన్నాయి. ఒక మూలన మూడు పూలకు కర్రలు పాతి నల్ల గొడుగు కట్టింది. పూలకు గొడుగేమిటని తమ్ముడూ నేనూ రెండు రోజులుగా నవ్వుకుంటున్నాం. ఆ సాయంత్రం ఆమె కారు బయటికి వెళ్ళింది. మేము కంచెలో సందు చూసుకుని దూరాం.

మనకు పూవు తెంపడమంటే పూవు తెంపడమే. కాడతో పనేముంది? మెడ దగ్గర చిటుక్కున విరిచి బుట్టలో వేసుకోవడమే. వరుసగా విరుచుకుంటూ పోయాం. గొడుగు కిందివి అన్నింటికన్నా పెద్దవి, నా అరచేతంత ఉన్నాయి. అవి నేనే విరిచాను. తమ్ముడు కాపలా కాశాడు. వెనక్కి తిరిగి చూస్తే గోడ పొడవునా తలల్లేని పచ్చ కాడలు నిలబడి ఉన్నాయి. బుట్ట పట్టుకుని కంచె సందులోంచి ఇంటికి పరుగెత్తాం.

బుట్ట చూసిన అమ్మ ముఖంలో ముందు సంతోషం వచ్చింది. అది ఒక్క క్షణమే.

"ఎవల తోటల తెంపిండ్రు?"

చెప్పాం. ఇద్దరి వీపులమీదా చెరొకటి పడింది. తర్వాత చెయ్యి పట్టుకుని, బుట్టతో సహా పక్కింటి గుమ్మం దగ్గరికి లాక్కుపోయింది. ముసలావిడ అప్పుడే కారు దిగుతోంది. నేను ఏడుస్తూ ఇంగ్లీషులో చెప్పాను, అమ్మ పక్కన నిలబడి చేతులు జోడించింది. ఆమె బుట్టలోకి చూసింది. తోటలోకి నడిచి వెళ్ళి కాడల బారు చూసింది. గొడుగు పక్కకు వంచి కిందికి చూసింది. గొడుగు కిందివి కూడానా అని మాత్రం అడిగింది. అవునని తల ఊపాను. ఆమె ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ పూలు పోటీకి పెంచినవని, ఆ మూడు పూలకోసం ఆమె ఏడాదంతా కాచుక్కూర్చుందని నాన్న డెయిరీలో విని వచ్చి చెప్పాడు. ప్రతి ఏడూ డాఫొడిల్ కప్పు ఆమెదేనట. ఆ ప్రదర్శన నడిపే కార్యదర్శి కూడా ఆమేనట. అమ్మ బుట్టను ఆ గుమ్మంలోనే వదిలి వచ్చింది. ఏరిన గోర్స్, కలుపు, కమేలియాలు ఒక మూలకు నెట్టేసింది. తాంబాళాన్ని చీరలో చుట్టి సూట్‌కేసులో పెట్టింది.

"రేపు పొద్దుగాల పోదాం. నాకు పండుగ లేదు, ఏం లేదు."

ఇక ఎప్పుడూ పేర్చను అన్న మాట నాకు గుర్తుంది. ఆ మాటను నిజం చేసింది నేనే. అన్నం తినకుండా పడుకున్నాను. తమ్ముడు మాత్రం తిన్నాడు, వాడిదీ నాదీ కూడా.

తెల్లవారి కారులో సామాను సర్దుతుంటే ముసలావిడ వచ్చింది. చేతిలో ఇనుప బకెట్. అందులో నీళ్ళు, నీళ్ళ మీద మా డాఫొడిల్స్ తేలుతున్నాయి. రాత్రంతా చల్లగా ఉంచిందేమో, ఒక్కటీ వాడలేదు. ఆమె నావైపు చూసి అడిగింది. కాడలు లేకుండా ఈ పూలతో మీ అమ్మ ఏం చేద్దామనుకుంది? నేను అమ్మకు చెప్పాను. అమ్మ కారులోంచి సూట్‌కేసు దింపి, తాంబాళం తీసి, వంటింటి నేలమీద కూర్చుంది.

అడుగున పరచడానికి గుమ్మడాకులు కావాలి. ఆ కాలంలో అక్కడ గుమ్మడి లేదు. అమ్మ చేతులతో ఇంత పెద్ద ఆకు అని చూపించింది. ముసలావిడ వెళ్ళి తన తోటలోంచి చేటంత రుబార్బ్ ఆకులు తెచ్చింది. అమ్మ ఆకులు పరిచి, చుట్టూ గోర్స్ పేర్చి, దాని మీద ఉల్లికలుపు, ఆపైన కమేలియాలు, డాఫొడిల్స్, నడుమ ఆకులు తుంపి నింపుతూ వరుస మీద వరుస లేపింది. ముసలావిడ ముందు కుర్చీలో కూర్చుంది. కాసేపటికి గమ్‌బూట్లు విప్పి నేలమీదకి దిగింది. ఇంకాసేపటికి పూవు తర్వాత పూవు అమ్మ చేతికి అందిస్తోంది. అందిస్తూ ఒక్కో పూవు పేరు చెప్పేది. అమ్మ తన ఊరి పేరు చెప్పేది. ఒకరి మాట ఒకరికి తెలియదు, నన్ను ఎవరూ అడగనూ లేదు. గొడుగు కింది మూడు పూలనూ ఆవిడ చివరిదాకా పక్కన పెట్టి, అన్నింటికన్నా పైన, అమ్మ పసుపుతో చేసిన గౌరమ్మ చుట్టూ తనే పెట్టింది. లేచి చూస్తే బతుకమ్మ నేలమీద కూర్చున్న మా తమ్ముడి భుజందాకా వచ్చింది.

తర్వాత ఆమె సంచిలోంచి ఒక పుస్తకం తీసింది. ప్రదర్శనలో ఏ పూవు ఏ తరగతిలో పెట్టాలో నియమాలన్నీ అందులో ఉన్నాయి. కాడ ఇంత పొడవుండాలి, సీసా ఇంత ఎత్తుండాలి అని పేజీల కొద్దీ. మాది ఏ తరగతికీ చెందదు. చివరి పేజీలో, పైవాటిలో దేనిలోకీ రానివి అని ఒక వరుస ఉంది. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని ఒక చీటీ మీద, పెంచినవారు అని తన పేరు, పేర్చినవారు అని మా అమ్మ పేరు రాసింది. అమ్మ పేరు నన్ను రెండుసార్లు చెప్పించుకుని రాసింది. ఈ దేశంలో అమ్మ పేరును అంత శ్రద్ధగా అడిగినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు.

హాల్లో గోడల వెంట బల్లలు, బల్లల మీద తెల్లగుడ్డలు, సీసాల్లో సైనికుల్లా పూలు. కేకుల వాసన, పాత చెక్క నేల వాసన. అమ్మ పట్టుచీరలో వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడిచి, నాన్నతో కలిసి మోసుకొచ్చిన బతుకమ్మను హాలు నట్టనడుమ నేలమీద దింపింది. అందరూ తిరిగి చూశారు. కోటు, టై వేసుకున్న జడ్జి వచ్చి, ప్రదర్శనకు పెట్టినవి బల్లమీద ఉండాలన్నాడు. నేను అమ్మకు చెప్పాను.

"గిది కిందనే ఉంటది. బల్ల మీద వెట్టరని చెప్పు బిడ్డా."

నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా చెప్పాను. ముసలావిడ పుస్తకం తెరిచి, చివరి తరగతికి బల్ల అన్న మాట ఎక్కడా రాయలేదని చూపించింది. జడ్జి చేసేది లేక చుట్టూ ఒకసారి తిరిగాడు. దగ్గరగా చూడాలంటే వంగాలి, వంగితే నడుము పట్టేసింది. చివరికి ఆ పెద్దమనిషి కోటు గుండీలు విప్పుకుని మా అమ్మ బతుకమ్మ ముందు రెండు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వాసన చూసి ఉలిక్కిపడ్డాడు. ఇది ఉల్లికలుపు, ఇది గోర్స్, రెండూ కలుపు మొక్కలే కదా అన్నాడు. కలుపు పనికిరాదనీ ఎక్కడా రాయలేదని ముసలావిడ మళ్ళీ పుస్తకం చూపించింది. ఆయన ఒక్కో వరుసా చూసుకుంటూ పైకి వెళ్ళాడు. దారం ఎక్కడ, తీగ ఎక్కడ, జిగురు ఎక్కడ అని వెతికాడు. ఏమీ లేవని తెలిశాక చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

ఆ ఏడు డాఫొడిల్ కప్పు వేరే ఎవరికో పోయింది. ప్రదర్శన మొత్తంలో మేలైనదానికి ఇచ్చే పెద్ద ఎర్ర రిబ్బన్ మాత్రం నేలమీదికే వచ్చింది. జడ్జి దాన్ని ఎక్కడ గుచ్చాలో తెలియక తాంబాళం అంచున పెట్టాడు. నాన్న చప్పట్లు కొట్టిన తీరు చూస్తే క్రికెట్ కప్పు గెలిచినట్టుంది. నా సిగ్గు ఎటుపోయిందో తెలియదు. ఆమె మా అమ్మ అని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పుకుంటూ తిరిగాను.

కానీ అమ్మ రిబ్బన్ వైపు చూడలేదు. ఆమె తలుపు వైపు చూస్తోంది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే సీసాలు సర్దుకుని ఇంటిముఖం పడుతున్నారు. వీళ్ళు ఆడరా అని నన్ను మెల్లగా అడిగింది. ఇక్కడ ఆట ఉండదని అప్పటిగ్గాని ఆమెకు అర్థం కాలేదు. అంతలో చర్చి తరఫున ఒకావిడ వచ్చి, రేపటి ప్రార్థనకు దీన్ని చర్చిలో పెట్టుకుంటాం, ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉంచుతాం అంది. పెద్ద గౌరవమే అది. అమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఇయ్యాలనే నీళ్ళల్ల ఇడువాలె. ఉంచుకునేది కాదు. మల్ల ఏడాదికి మల్ల అస్తది."

నేను ఇంగ్లీషులో చెప్పాను. బహుమతి వచ్చినదాన్ని వాగులో పారేస్తారా అని ఎవరో అన్నారు. కలుపు వాగులో కలిస్తే ఊరంతా మొలుస్తుందని జడ్జి అన్నాడు. అమ్మ బతుకమ్మను ఎత్తుకోవడానికి వంగింది. ఒక్కదాని వల్ల కాలేదు. ముసలావిడ వచ్చి రెండోవైపు పట్టుకుంది. పట్టుకుని, వెళ్ళిపోతున్న ఆడవాళ్ళవైపు తిరిగి, మీరంతా రావాలి, టీ తర్వాత తాగొచ్చు అంది. ఆమె అంటే ఊరికి భయమని అప్పుడే తెలిసింది. ఒక్కరూ ఇంటికి పోలేదు.

వాగు గట్టున ఎండ ఏటవాలుగా పడుతోంది. అమ్మ బతుకమ్మను గడ్డిమీద దింపి, కొంగు నడుముకు చుట్టి, గొంతు సవరించుకుంది. మొదటి చుట్టు ఒక్కతే తిరిగింది. కిందటి ఏడాది సగంలో ఆగిన చోటు నాకు కనబడుతోంది. రెండో చుట్టుకు ముసలావిడ గమ్‌బూట్లతో దిగింది. ఆమె వెనక కేకులావిడ, చర్చి ఆవిడ, డెయిరీ ఆవిడ. లెక్కపెట్టాను, పద్నాలుగు మంది. చప్పట్లు ఒక్కరివీ కలవలేదు. వంగాల్సినచోట లేచారు, లేవాల్సినచోట వంగారు. అమ్మ గొంతు మాత్రం వాగు అవతలి గొర్రెలు తలెత్తేలా లేచింది. ఏడాదిన్నరగా ఆ గొంతు మేము వినలేదు. నాలుగో చుట్టుకు, ప్రతి చరణం చివర వచ్చే ఉయ్యాలో అన్న ఒక్క మాటను పద్నాలుగు మందీ తమ యాసలో అందుకున్నారు. అమ్మ ఏడుస్తూ పాడింది, పాడుతూ నవ్వింది. ఆ రోజు మా అమ్మ గెలిచింది. రిబ్బన్ హాల్లోనే మర్చిపోయాం.

నీళ్ళల్లో వదిలే ముందు ముసలావిడ ఒక షరతు పెట్టింది. జడ్జి చెప్పిన కలుపు మాట నిజమేనట. అందుకని వైట్‌బెయిట్ అనే సన్న చేపలు పట్టే వల ఒకటి తెప్పించి, నాన్నకిచ్చి, వాగు దిగువన నిలబెట్టింది. మోకాళ్ళ లోతు మంచు నీళ్ళల్లో ఆయన వణుకుతూ నిలబడితే, బతుకమ్మ వచ్చి ఆ వలలోకి చేరింది. గట్టు మీద అమ్మ అందరికీ రొట్టె, బెల్లం కలిపి కట్టిన మలీద ముద్దలు పంచింది. వాళ్ళు పొద్దున చేసిన స్కోన్లు అనే మెత్తటి బన్నులు అమ్మ చేతిలో పెట్టారు. నాన్నకు రెండూ దక్కలేదు.

వలలోని పూలను ముసలావిడ తన ఎరువు గుంతలో వేసుకుంది. ఆ మరుసటి ఏడు డాఫొడిల్ కప్పు మళ్ళీ ఆమెకే వచ్చిందని ఉత్తరం రాసింది. అందులో మేము మర్చిపోయిన రిబ్బన్ పెట్టింది. వేసవి దాటాక ఒక పెట్టెలో డాఫొడిల్ గడ్డలు కూడా పంపింది. గొడుగు కిందివి అని పెట్టె మీద రాసి ఉంది. ఫ్లాట్‌లో నేల లేదు కాబట్టి అమ్మ వాటిని కుండీల్లో పెంచింది. తర్వాత మేము ఎన్ని ఇళ్ళు మారితే అన్ని ఇళ్ళకూ అవి మాతో వచ్చాయి. అమ్మకు అప్పటినుంచి ఈ దేశంలో ఒక ఊరు ఉంది. ఎవరైనా మీదే ఊరని అడిగితే, వరంగల్ చెప్పాక, ఒక్క క్షణం ఆగి ఆ ఊరి పేరు కూడా చెప్పేది. నాకు మాత్రం ఆ పేరు ఇక్కడ రాయాలని లేదు. రాస్తే మీరంతా చూడ్డానికి పోతారు, ఆ ఊరు నిశ్శబ్దంగానే ఉండాలి.

మా అమ్మాయి ఇప్పుడు గదిలోంచి బయటికొచ్చింది. కత్తెర పట్టుకుని పెరట్లోకి పోతోంది. రేపు సద్దుల బతుకమ్మ, ఆ డాఫొడిల్స్ కోసుకురమ్మని నేనే చెప్పాను. కాడలు ఎంత పొడవు ఉంచాలని అడుగుతోంది. కత్తెర లోపల పెట్టి రమ్మన్నాను. మెడ దగ్గర ఎలా విరవాలో చూపించడానికి నేనే లేచాను.